ఈ వార్త ఎక్కడ పుట్టింది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఫేక్ వార్తల మీద మీ సందేహాలు పంపమని కిందటి సంచికలో అడిగితే ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు బాగానే వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. పేరు వద్దన్నవాళ్ళే ఎక్కువ మంది, అందుకని అందరివీ తీసేసి ఊరు మాత్రం ఉంచాం.

గృహిణి, తెనాలి: మా ఫ్యామిలీ గ్రూపులో మావయ్య గారు రోజూ పొద్దున్నే ఆరోగ్య చిట్కాలు పెడతారు. మొన్న, పక్షవాతం వచ్చినవాళ్ళకి సూదితో పది వేళ్ళ చివర్లూ గుచ్చి రక్తపు బొట్టు తీస్తే లేచి కూర్చుంటారని పెట్టారు. అది తప్పేమోనని నా అనుమానం. కోడలిని, అందరి ముందూ ఎలా చెప్పను? ఆడపడుచులు కూడా అదే గ్రూపులో ఉన్నారు.

మీ అనుమానం నిజమేనమ్మా. అది తప్పు, పైగా ప్రాణం మీదికి తెచ్చే తప్పు. పక్షవాతం వచ్చినవాళ్ళలో ఎక్కువ మందికి మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడుతుంది. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ దాన్ని మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకున్నాకే. ఇంట్లో కూర్చుని వేళ్ళు గుచ్చుకుంటూ ఉంటే పోయేది ఆ గంటలే. మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండమనే మెసేజీ కూడా ఇలాంటిదే, దాన్ని నమ్మి దగ్గుతూ కూర్చోకూడదు, అప్పుడూ 108కే చెయ్యాలి.

ఇక మావయ్య గారి సంగతి. గ్రూపులో "ఇది ఫేక్ మావయ్య గారూ" అని పెట్టకండి. ఆయన మాట పోయిందని బాధపడతారు, మిగతావాళ్ళు ఆయన పక్షం వహిస్తారు, అసలు విషయం పక్కకి పోతుంది. కాఫీ ఇచ్చేటప్పుడో, టీవీ దగ్గర ఒక్కరే ఉన్నప్పుడో వెళ్ళి, "మీరు పెట్టిన ఆ పక్షవాతం మెసేజీ గురించి మన డాక్టర్ గారిని ఒకసారి అడుగుదామా" అనండి. ఆయన బీపీ మందులకు వెళ్ళే డాక్టరే అయితే ఇంకా మంచిది. డాక్టర్ చెప్పింది ఆయన చెవిన పడ్డాక, "గ్రూపులో మీరే ఒక మాట రాస్తే అందరూ వింటారు మావయ్య గారూ, నేను రాస్తే ఎవరు పట్టించుకుంటారు" అని ఆయన చేతే దిద్దుబాటు పెట్టించండి. పెద్దరికం ఆయన దగ్గరే ఉంటుంది, నిజం నలుగురికీ చేరుతుంది. ఆయన ఆ మెసేజీ పెట్టింది మీ అందరి ఆరోగ్యం మీద ప్రేమతోనే, ఆ సంగతి మర్చిపోకుండా మాట్లాడితే చాలా వరకు పని అయిపోతుంది. ఈ సమస్య అంతా అక్కడే ఉంది, నిజానికి. మనకు పంపేది మనవాళ్ళే కాబట్టి నమ్ముతాం. పంపినవాళ్ళు మంచివాళ్ళే, కానీ వాళ్ళకి ఎవరు పంపారో, వాళ్ళకి పంపినవాళ్ళకి ఎవరు పంపారో, అసలు ఆ మాట మొదట ఎవరన్నారో అడిగేవాళ్ళు ఉండరు.

డిగ్రీ విద్యార్థి, గద్వాల దగ్గర పల్లె: పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగు దిగిందని వాయిస్ మెసేజీలు మళ్ళీ తిరుగుతున్నాయి. మా అమ్మ తమ్ముణ్ణి బయటికి పంపడం లేదు. నిప్పు లేనిదే పొగ రాదు అంటోంది. ఇది నిజమో కాదో తేల్చుకునేది ఎలా?

బాబూ, దీనికి జవాబు మీ జిల్లాలోనే ఉంది. 2018 వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉండేవారు. ఎండాకాలం రాత్రుళ్ళు ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం ఉక్కపోతలో కూడా తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్ళకి వెళ్ళిన పోలీసులు గమనించారు. ఆరా తీస్తే ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. పార్థీ గ్యాంగు వచ్చిందని, మనుషుల్ని చంపి అవయవాలు తీసుకుపోతోందని, పిల్లల్ని ఎత్తుకుపోతోందని. ఆమె ప్రెస్ నోట్‌తో సరిపెట్టుకోలేదు. ఒక్కో ఊరికి పోలీసుల్ని పంపించి జనంతో మాట్లాడించారు, డప్పు పట్టుకుని జానపద పాటలు పాడేవాళ్ళతో ఈ పుకార్ల మీద పాటలు కట్టించి పాడించారు, దండోరా వేయించారు. ఆమె పరిధిలో 400కు పైగా ఊళ్ళుంటే ఈ పుకారు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మిగతాచోట్ల పోయాయి. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్ళో వారపు సంతకు వచ్చిన జనం, భిక్షాటన చేసుకుంటూ తిరిగే సంచార జాతి మనుషులు ఐదుగురిని కొట్టి చంపేశారు. రెండు వారాలైనా తిరక్కుండానే కర్ణాటకలోని బీదర్ జిల్లాలో ఇంకొకటి. హైదరాబాద్ నుంచి కారులో వెళ్ళిన స్నేహితులు దారిలో బడి పిల్లలు కనబడితే చాక్లెట్లు ఇచ్చారు. అంతే, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళని వాట్సాప్‌లో వీడియో పాకిపోయింది, ముర్కి అనే ఊరి దగ్గర దారి మూసేసి జనం మీద పడ్డారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఒక కుర్రాడు చనిపోయాడు.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో గురించి మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి. ఇద్దరు మనుషులు మోటార్ సైకిల్ మీద వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లల్లోంచి ఒక బాబుని ఎత్తుకుపోతారు. సీసీ కెమెరాలో రికార్డయినట్టు ఉంటుంది, చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం పనిచేసే ఒక సంస్థ తీయించిన ప్రచార చిత్రం. చివర్లో ఆ బండి వెనక్కి వస్తుంది, బాబుని దింపేస్తారు, పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండమని అట్ట మీద రాసి చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి మిగతాది తిప్పారు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే విషయం ఇది. పిల్లల్ని కాపాడమని తీసిన బొమ్మే మనుషుల ప్రాణాలు తీయడానికి పనికొచ్చింది, అందుకు కావలసిందల్లా చివర్లో కొన్ని సెకన్లు కత్తిరించడమే.

ఇప్పుడు మీ ఊళ్ళో తిరుగుతున్న వాయిస్ మెసేజీ మళ్ళీ ఒకసారి వినండి. అందులో తేదీ ఉందా? ఏ ఊరు, ఏ పోలీస్ స్టేషన్, ఏ ఇంటి పిల్ల అన్నది ఉందా? సాధారణంగా "నిన్న రాత్రి మన పక్క ఊళ్ళో" అని ఉంటుంది, ఆ పక్క ఊరు ప్రతి ఊరికీ పక్క ఊరే అవుతుంది. మెసేజీ పైన రెండు బాణాల గుర్తు, "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అని ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి మీ దగ్గరికి వచ్చిందని అర్థం, మాట్లాడిన మనిషి మీ పక్క ఊరివాడు కావడం దాదాపు జరగదు. వీడియో అయితే ఒకచోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెట్టండి, ఇదివరకు ఎక్కడ వచ్చిందో చాలాసార్లు దొరికిపోతుంది. వాయిస్‌కి ఆ వీలు లేదు కాబట్టి నేరుగా మీ పోలీస్ స్టేషన్‌కో 112కో ఫోన్ చేసి అడగండి, అడగడం తప్పు కాదు. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే అనుమానం రావడం కూడా తప్పు కాదు, వెంటనే పోలీసులకి చెప్పాలి, చెయ్యి చేసుకోకూడదు. ఈ పుకారు వచ్చిన ప్రతిసారీ దెబ్బలు తినేది గంగిరెద్దులవాళ్ళూ, బొంతలు అమ్ముకునేవాళ్ళూ, భాష రాని బిచ్చగాళ్ళూ, మతి స్థిమితం లేక తిరిగేవాళ్ళూ. పార్థీలంటే కూడా బ్రిటిష్‌వాళ్ళ కాలం నుంచి దొంగలని ముద్ర వేయించుకుని బతుకుతున్న ఒక జాతి జనం. మీ తమ్ముణ్ణి ఆడుకోనివ్వండి.

అంగన్‌వాడీ టీచర్, పార్వతీపురం: బియ్యంలో ప్లాస్టిక్ బియ్యం కలుస్తోందని మా దగ్గర తల్లులు అన్నం వద్దంటున్నారు. కడిగితే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి, నేనూ చూశాను. మాకేమో పైనుంచి "అవి బలవర్ధక బియ్యం" అని ఒక్క ముక్క చెప్పారు. తల్లులకి ఏం చెప్పమంటారు?

తేలుతున్నాయన్నది నిజం కాబట్టి ముందు ఆ మాట ఒప్పుకోండి. "అదేం లేదు" అంటే తల్లులు మీ మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటారు, వాళ్ళు కళ్ళారా చూశారు కదా.

ఆ గింజలు తయారయ్యే పద్ధతి చెప్పండి. నూకల్ని పిండి పట్టి, అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, తడిపి ముద్ద చేసి, మిషన్‌లోంచి నొక్కి బియ్యపు గింజ ఆకారంలో కత్తిరించి ఆరబెడతారు. ఆ గింజల్ని మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు, అంటే వంద కిలోలకి ఒక కిలో. పొలంలో పండిన గింజ కాదు కాబట్టి కాస్త తేడాగానే కనిపిస్తుంది, కొంచెం పసుపు ఛాయ ఉండొచ్చు, అంచులు నున్నగా ఉండొచ్చు, తేలికగా ఉన్నవి నీళ్ళలో పైకి తేలొచ్చు. రక్తహీనత తగ్గించడానికి పథకాల బియ్యమంతా 2024 కల్లా ఇలా బలవర్ధకం చేస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి చెప్పారు. చెప్పింది ఢిల్లీలో, తేలిన గింజ కనిపించింది పార్వతీపురంలో, ఆ రెంటికీ మధ్య తల్లులకి అర్థమయ్యే మాటల్లో చెప్పిన మనిషి లేడు. పుకారు పుట్టింది ఆ ఖాళీలోనే. ఈ విషయంలో తల్లుల్ని తప్పు పట్టడం అన్యాయమని నా అభిప్రాయం. బియ్యం మార్చినప్పుడు బస్తాతో పాటు ఆ సంగతి కూడా పంపాలి.

ప్లాస్టిక్ బియ్యం పుకారు ఈ బలవర్ధక బియ్యం ప్రకటన కంటే పాతది. 2017 జూన్‌లో హైదరాబాద్‌లో ఇదే గొడవ జరిగింది. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగిరిందని వీడియోలు తిరిగాయి, అధికారులు నమూనాలు తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే మామూలు బియ్యమేనని తేలింది. అన్నంలో పిండి పదార్థం ఉంటుంది, గట్టిగా నొక్కి ముద్ద చేస్తే ఏ బియ్యపు అన్నమైనా ఎగురుతుంది. కాలిస్తే మండిందన్నారు, బియ్యం ఎండినది కాబట్టి మండుతుంది, మాడిన అన్నం వాసనే వస్తుంది, ప్లాస్టిక్ అయితే కరిగి సాగి ఘాటైన వాసన కొడుతుంది.

తల్లుల్ని ఒక రోజు పిలిచి వాళ్ళ ముందే చేసి చూపించండి. తేలిన గింజలు ఒక గుప్పెడు ఏరి విడిగా గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టండి. కాసేపయ్యాక వేళ్ళ మధ్య నలిపితే పిండి అయిపోతుంది. ప్లాస్టిక్ నానదు, నలగదు, ఉడికి మెత్తబడదు. కిలో ప్లాస్టిక్ గుళికలు కిలో రేషన్ బియ్యం కంటే చవకేమీ కాదు, కల్తీ చేసేవాడు ఖరీదైన సరుకు తెచ్చి చవక సరుకులో ఎందుకు కలుపుతాడని కూడా అడగండి, ఇంటి ఖర్చు చూసుకునే ఆడవాళ్ళకి ఈ మాట ఇట్టే అందుతుంది. ఆ గింజలు ఏరి పారెయ్యొద్దని, ఐరన్ ఉన్నది వాటిలోనేనని చెప్పండి. తలసీమియా ఉన్న పిల్లలెవరైనా ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగమనండి, వాళ్ళ ఒంట్లో ఐరన్ ఎక్కువ కాకుండా చూసుకోవాలి. బస్తాలో నిజంగా పురుగో, రాళ్ళో, ముక్క వాసనో ఉంటే అది వేరే ఫిర్యాదు, గట్టిగా చెయ్యండి. ప్లాస్టిక్ పుకారు గోలలో అసలు నాణ్యత గురించి అడగాల్సిన ప్రశ్నలు కొట్టుకుపోతున్నాయి.

కోళ్ళ రైతు, హనుమాన్ జంక్షన్ దగ్గర: బర్డ్ ఫ్లూ అనే మాట వినబడితే చాలు, ఎప్పటివో వీడియోలు తిరుగుతాయి, చికెన్, గుడ్ల ధర పడిపోతుంది. మా నష్టానికి బాధ్యులెవరు?

మీ బాధ అర్థమైంది. కానీ ఇక్కడ సగం నిజం ఉంది, దాన్ని దాచిపెడితే మీకే నష్టం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ ల్యాబ్ పరీక్షల్లోనే తేలింది, అది పుకారు కాదు. బాగా ఉడికిన చికెన్ తిన్నా మనిషి చనిపోతాడన్నదే అబద్ధం. 70 డిగ్రీల వేడి ముక్క లోపలి దాకా తగిలితే వైరస్ బతకదు, మనం కూర వండే తీరుకి అది మామూలే. పచ్చి గుడ్డు తాగడం, చచ్చిన కోళ్ళని చేతులతో పట్టుకోవడం, వీటికి మాత్రం దూరంగా ఉండాలి.

2020లో కోళ్ళ వల్ల కరోనా వస్తుందన్న పుకారుకి అసలు ఏ ఆధారమూ లేదు. ఆ ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దగ్గర తెలంగాణ మంత్రులు స్టేజీ మీద చికెన్ తిని చూపించారు. మంచి ఉద్దేశమే, కానీ నాకు ఆ పద్ధతి అంతగా నచ్చదు. మంత్రి తిన్నాడన్నది రుజువు కాదు. ఎందుకు ప్రమాదం లేదో చెబితే జనం ఇంకో పుకారు వచ్చినప్పుడు కూడా ఆ మాట గుర్తు చేసుకుంటారు. మీ సంఘం తరఫున మీరు చేయగలిగింది ఒకటుంది. వ్యాధి ఏ ఊళ్ళో వచ్చింది, ఎన్ని కిలోమీటర్ల లోపల అమ్మకాలు ఆపారు, ఎప్పటిదాకా అన్నది పశుసంవర్థక శాఖ ప్రకటన వచ్చిన రోజే తేదీ వేసి చికెన్ షాపుల దగ్గర అతికించండి. కొనడానికి వచ్చిన మనిషికి కావలసిన కబురు అదే. పాత వీడియోని కావాలని కొత్తదిగా తిప్పుతున్నవాడు ఎవరో తెలిస్తే, లింకు, స్క్రీన్‌షాట్, టైముతో సహా సైబర్ పోలీసులకి ఇవ్వండి.

ప్రైవేటు ఉద్యోగి, కర్నూలు: యూట్యూబ్‌లో బతికున్న నటుల ఫొటోలకి దండలేసి థంబ్‌నెయిల్స్ పెడుతున్నారు. వీళ్ళని ఏం చెయ్యలేమా?

నొక్కకండి. తిడదామని నొక్కినా వాళ్ళకి డబ్బే. 2023లో ఉగాదికి ముందు కోట శ్రీనివాసరావు గారు చనిపోయారని ఇలాగే తిప్పితే ఇంటికి బందోబస్తుకి పోలీసులు కూడా వచ్చేశారు, ఆ పెద్దాయన నేను బతికే ఉన్నానని స్వయంగా వీడియో చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన కన్నుమూసింది 2025 జూలైలో. ఆ వయసులో ఒక మనిషికి ఆ గతి పట్టించినందుకు ఎవరికీ సిగ్గనిపించలేదు. వీడియో కింద మూడు చుక్కలు నొక్కితే రిపోర్ట్ అని ఉంటుంది, తప్పుదోవ పట్టించేది అన్న కారణం ఎంచుకోండి, ఇంట్లో నలుగురి ఫోన్ల నుంచీ చెయ్యండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డల్లాస్: మా నాన్నగారు రాజమండ్రిలో ఒంటరిగా ఉంటారు, రిటైరయ్యారు. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఏదో పథకంలో డబ్బు పెట్టమని చెబుతున్న వీడియో చూసి ఇరవై వేలు కట్టేశారు. ఇప్పుడు ఇంకా కట్టమంటున్నారట. నేను ఫేక్ అంటే, "మంత్రి గారు స్వయంగా చెబుతుంటే నీకు తెలుసా" అని కోప్పడుతున్నారు.

అమ్మా, వాదన తర్వాత, ముందు డబ్బు సంగతి చూడండి. 1930కి ఫోన్ చెయ్యాలి, అది దేశమంతటికీ ఒకటే సైబర్ మోసాల నంబరు. అమెరికా నుంచి మీకు కలవకపోతే రాజమండ్రిలో ఉన్న బంధువులనో, పక్కింటివాళ్ళనో నాన్నగారి పక్కన కూర్చోబెట్టి చేయించండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా పెట్టండి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి వేగంగా మారిపోతుంది, ఎంత త్వరగా చెబితే దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకి కూడా అప్పుడే చెప్పండి. యూపీఐ ద్వారా కడితే ఆ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ యాప్ ఏదైనా ఫోన్లో వేయించి ఉంటే, స్క్రీన్‌షాట్లు తీసుకున్నాక తీసేయించండి.

ఆ మంత్రి గారి పేరుతో ఇలాంటి నకిలీ వీడియోలు చాలా తిరిగాయి, కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ అవి ఫేక్ అని పదే పదే చెప్పింది. ఎప్పుడో ప్రెస్ మీట్‌లో మాట్లాడిన అసలు వీడియో తీసుకుని, ఏఐతో గొంతు మార్చి, పెదాలు కలిపేస్తారు. నాన్నగారికి పెదాల కదలిక చూడండి, కళ్ళార్పడం చూడండి అని చెప్పి లాభం లేదు, ఈ గుర్తులు రోజురోజుకీ మాయమవుతున్నాయి, మనకే దొరకడం లేదు. ఆయన జీవితమంతా ఉద్యోగం చేసిన మనిషి, ఆయనకి తెలిసిన దారిలో అడగండి. "నాన్నా, ప్రభుత్వ పథకమైతే జీవో ఉండాలి కదా, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఫారం ఉండాలి కదా, రేపు వెళ్ళి ఒకసారి అడుగుతావా?" ఆయనే వెళ్ళి ఆయనే అడిగి తెలుసుకుంటే మీ మీద కోపం ఉండదు. ఇంకో మాట. పోయిన డబ్బు గురించి పదే పదే ఎత్తిపొడవకండి, పరువు పోతుందని ఇలాంటివి దాచిపెట్టే పెద్దవాళ్ళు ఉంటారు, దాచిన కొద్దీ మోసగాళ్ళు ఇంకా గుంజుతారు.

ఇంజినీరింగ్ విద్యార్థిని, గుంటూరు: ఇన్‌స్టాగ్రామ్‌లో మా క్లాసు అమ్మాయిల ఫొటోలు తీసుకుని ఏఐతో మార్చి పెడతారేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. అకౌంట్లు తీసేయడమొక్కటే దారా?

తప్పు చేసేది ఇంకొకరైతే మీరెందుకమ్మా దాక్కోవాలి? 2023 నవంబర్‌లో రష్మిక మందన్న లిఫ్టులోకి వస్తున్నట్టు ఒక వీడియో తిరిగింది గుర్తుందా, అందులో ఉన్నది నిజానికి బ్రిటన్‌లో ఉండే ఇంకో అమ్మాయి, ఆమె పెట్టుకున్న వీడియోకి రష్మిక ముఖం అతికించారు. అసలు వీడియో ఎక్కడ పుట్టిందో ఫ్యాక్ట్ చెకర్లు వెతికి పట్టుకున్నారు. ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో ఒక కుర్రాణ్ణి అరెస్టు చేశారు, ఎక్కడివాడనుకున్నారు, మీ గుంటూరు జిల్లావాడే.

ఎవరికైనా అలా జరిగితే ముందు లింకు, అకౌంటు పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తియ్యండి, ఆ తర్వాతే రిపోర్ట్ కొట్టండి, లేకపోతే సాక్ష్యం పోతుంది. ఇలాంటి బొమ్మల మీద బాధితులు ఫిర్యాదు చేస్తే కంపెనీ 24 గంటలు దాటకుండా తీసెయ్యాలని 2021 ఐటీ నిబంధనల్లోనే ఉండేది, 2026లో ఆ గడువుని రెండు గంటలకి తగ్గించారు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళకి, పిల్లలకి సంబంధించిన ఫిర్యాదులకి పేరు చెప్పకుండా పెట్టే వీలుంది. క్లాసులో అబ్బాయిలు చూసి, "నేను పెట్టలేదు, పంపానంతే" అంటే ఊరుకోకండి, పంపడం కూడా నేరమే.

లా విద్యార్థి, వరంగల్: ప్రభుత్వాలు కూడా ఫ్యాక్ట్ చెక్ పేజీలు నడుపుతున్నాయి. ప్రభుత్వం చెప్పింది నిజమని ఎలా నమ్మాలి?

మంచి ప్రశ్న. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ 2019 చివర్లో మొదలైంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కూడా సొంత పేజీలు పెట్టాయి. ఫలానా పథకం ఉందా లేదా, ఫలానా జీవో నిజమా, పరీక్ష వాయిదా పడిందా, ఇలాంటివాటికి అవి బాగా పనికొస్తాయి, ఎందుకంటే ఆ కాగితం వాళ్ళ దగ్గరే ఉంటుంది. ప్రభుత్వ పనితీరు మీద విమర్శ వచ్చినప్పుడు మాత్రం ఆ ప్రభుత్వమే తీర్పు చెప్పడం కుదరదు. కేంద్రం గురించి ఏది అబద్ధమో తేల్చే అధికారం కేంద్రం పెట్టిన విభాగానికే ఇస్తూ 2023లో ఐటీ నిబంధనలు మార్చారు. సుప్రీంకోర్టు 2024 మార్చిలో ఆ విభాగాన్ని ఆపింది, సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు ఆ సవరణనే కొట్టేసింది. లా చదువుతున్నారు కాబట్టి ఆ తీర్పు మొత్తం చదవండి.

ప్రైవేటు సంస్థల్ని కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. హైదరాబాద్‌లోనే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ ఉన్నాయి, తెలుగులో కూడా రాస్తున్నాయి. ఏ సంస్థ రాసిందైనా, ఎలా తేల్చారో చెప్పారా, అసలు డాక్యుమెంట్ లింకు ఇచ్చారా, తమ పొరపాటు బయటపడితే దిద్దుకున్నట్టు పైకి రాస్తున్నారా అని చూడండి. "ఇది ఫేక్" అని ఎర్ర ముద్ర వేసి ఆధారం చూపించకపోతే అది కూడా ఒక ఫార్వర్డే.

అపార్ట్‌మెంట్ గ్రూపు అడ్మిన్, కూకట్‌పల్లి: గ్రూపులో ఎవరో ఒక మతం మీద తప్పుడు వీడియో పెడితే కేసు నా మీద పడుతుందా?

ఒకరు పెట్టినదానికి, కేవలం అడ్మిన్ అయినందుకు ఇంకొకరిని బాధ్యుణ్ణి చేయకూడదని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అందుకని గ్రూపు వదిలేసి పారిపోనక్కర్లేదు. కానీ అడ్మిన్ కూడా దాన్ని మెచ్చుకుంటేనో, ఇంకోచోటికి పంపితేనో అది ఆయన సొంత తప్పవుతుంది. చూసిన వెంటనే తీసెయ్యండి, అడ్మిన్‌కి ఆ వీలుంది. "లిఫ్టు, నీళ్ళు, మెయింటెనెన్స్ తప్ప ఇంకేమీ వద్దు" అని గ్రూపు వివరాల్లో రాసిపెట్టి, గొడవలు ముదిరే రోజుల్లో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చండి. పెట్టినాయన పక్క ఫ్లాటాయనే అయితే కింద పార్కింగ్‌లో కలిసినప్పుడు నెమ్మదిగా చెప్పండి.

హైస్కూల్ ఉపాధ్యాయుడు, అమలాపురం: మా ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ విషయం నేర్పాలనుకుంటున్నాను. పాఠ్యపుస్తకంలో లేదు. ఎలా మొదలుపెట్టమంటారు?

మాస్టారూ, ఈ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది. ఇది కొత్తేమీ కాదు, 2018లో కేరళలోని కన్నూర్ జిల్లా కలెక్టర్ సర్కారు బళ్ళలో "సత్యమేవ జయతే" పేరుతో సరిగ్గా ఇదే మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాది తట్టు, రుబెల్లా టీకాల మీద పుకార్లు నమ్మి తల్లిదండ్రులు పిల్లలకి టీకా వద్దనడం చూసి ఆ ఆలోచన వచ్చింది.

మీరు రాజకీయాలతో మొదలుపెట్టకండి, ఇళ్ళలో గొడవలవుతాయి. దీపావళి రోజు రాత్రి అంతరిక్షం నుంచి నాసా తీసిన భారతదేశం ఫొటో అని ఏటా తిరుగుతుందే, దాంతో మొదలుపెట్టండి. దేశమంతా తెలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో మెరుస్తూ ఉంటుంది. ఫోన్లు తేనక్కర్లేదు, కలర్ ప్రింట్ ఒకటి తీయించి బెంచీ బెంచీకీ తిప్పండి. "దీపాలు పెడితే దేశం రంగు రంగుల్లో ఎందుకు కనిపిస్తుంది? మన ఇంటి ముందు ప్రమిదకి నీలం వెలుగు ఉంటుందా? కోనసీమలో రోడ్డు లైటు ఎక్కువ వెలుగిస్తుందా, ప్రమిదా?" అని అడగండి. పిల్లలే అనుమానపడతారు. అప్పుడు చెప్పండి, అది ఒక్క రాత్రి తీసిన ఫొటో కాదు, చాలా ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు కలిపి అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా (NOAA) శాస్త్రవేత్త చేసిన బొమ్మ, ఏ ఏళ్ళలో ఎక్కడ కొత్తగా కరెంటు దీపాలు పెరిగాయో చూపించడానికి ఒక్కో కాలానికి ఒక్కో రంగు వేశారు. తెల్లగా ఉన్నవి పాత దీపాలు, ఎర్రగా ఉన్నవి 2003 నాటికి కొత్తగా వచ్చినవి. 2012లో నాసాయే ఈ సంగతి వివరించి, దీపావళి రాత్రి అదనంగా వచ్చే వెలుగు అంతరిక్షం నుంచి గుర్తుపట్టలేనంత తక్కువని చెప్పింది, ఆ ఏడాది దీపావళి సమయంలో తీసిన అసలు చిత్రం కూడా పెట్టింది. ఆ రెండో ప్రింట్ కూడా పక్కన పెట్టి చూపించండి, మామూలు రాత్రి లాగే ఉంటుంది.

రెండో వారం, ఇంట్లో వచ్చిన ఒక ఫార్వర్డ్‌ని చేత్తో కాగితం మీద రాసుకురమ్మనండి. దాని కింద మూడే గళ్ళు: మొదట ఎవరన్నారు, ఎప్పుడన్నారు, నాకెలా తెలుసు. చాలా కాగితాల్లో ఆ మూడు గళ్ళూ ఖాళీగానే వస్తాయి, ఖాళీ గడికి మార్కులు కొట్టెయ్యకండి, "తెలియలేదు" అని రాసినా పూర్తి మార్కులివ్వండి. సైన్స్ మాస్టారు, సోషల్ మాస్టారు మీతో కలిస్తే తలా ఒక పీరియడ్ సరిపోతుంది, ఒక్కరి మీదే భారం పడదు. పిల్లలు నింపిన కాగితాల ఫొటోలు తీసి మాకు పంపించండి, పేర్లు లేకుండా కొన్ని వచ్చే సంచికలో వేస్తాం.